ధాన్యపు ధరయు ఆకలి వార్తయు

పెట్టుబడిదారీ పద్ధతి మేలైనదా, సామ్యవాద పద్ధతి మేలైనదా యను వివాదము 1991లోనే ముగిసినదని మన విద్యావంతులలో పెక్కుమంది తలంచుచున్నారు. ఆ సంవత్సరముననే సోవియెట్ సమాఖ్య విచ్ఛిన్నమైనది. ఆ సంవత్సరముననే పాములపర్తి వేంకట నరసింహారావుగారి ప్రభుత్వము పరిశ్రమల లైసెన్సు కట్టుబాట్లను సడలించినది. అక్కడ సౌధము కూలుటయు, ఇక్కడ తలుపులు తెరచుటయు ఒక్కమారే జరిగినందున ఇక తీర్పు వ్రాయవలసిన పనియే లేదని వీరి యభిప్రాయము. 2008లో అమెరికా బ్యాంకులు కొన్ని కుప్పకూలి, ఆ నష్టము జనసామాన్యము నెత్తిన పడిన తరువాత వ్యాజ్యమును తిరుగదోడవలెనను వారును బయలుదేరిరి. చెన్నపట్టణమున నలుగురు ఆంధ్ర న్యాయవాదులో, వైద్యులో, ఇంజనీర్లో ఒకచోట చేరినచో ఈ రెండు పక్షములును అక్కడ నుండక మానవు. ఒకరు హేయక్ పండితుని, ఇంకొకరు మార్క్సు మహాశయుని ఉదాహరింతురు. కాఫీ చల్లారును గాని వాదము చల్లారదు.

మేము ఎవరి పక్షమునను వకాల్తా పుచ్చుకొనలేదు. అయినను ఈ వాదము జరుగుచున్న తీరు మాకు తృప్తికరముగా లేదు. ఒకరు తమ పద్ధతి గ్రంథములలో నున్న రూపమును, ఎదుటివారి పద్ధతి భూమిమీద నున్న రూపముతో పోల్చుచున్నారు. స్వర్గమునకును సంతకును పోలిక తెచ్చినచో స్వర్గమే గెలుచును, అందు వింతలేదు. కావున రెండింటిని ఒకే తక్కెడలో, ఒకే సరకుతో తూచి చూడవలెనని మా కోరిక. ఆ సరకు ధాన్యము. ఉక్కు కర్మాగారమున పొరపాటు జరిగినచో అది బయటపడుటకు ఇరువది సంవత్సరములు పట్టవచ్చును. అంతలో మంత్రులు మారుదురు, లెక్కలు మారును. ధాన్యము విషయమున పొరపాటు జరిగినచో మూడు నెలలలో మనుష్యులు చత్తురు. ఇంత త్వరగా ఫలితము తెలుపు పరీక్ష మరియొకటి లేదు.

ఈ ధాన్యమును గూర్చి రెండు పద్ధతులును చెప్పునది సంగ్రహముగా నిది. పంట తగ్గినప్పుడు ధర పెరుగును. ధర పెరుగుట చూచి వర్తకుడు ఎక్కడెక్కడి ధాన్యమునో అచ్చటికి తోలును. తినువాడు పొదుపుగా తినును. ఉన్న నిలువ కొత్తపంట వచ్చువరకు సాగును. కావున సర్కారు చేయి పెట్టరాదని మొదటి పద్ధతి వారి మాట. ఆకలిగొన్నవాని యవసరమును మూలధనవంతుని లాభాపేక్షకు వదలరాదు, భూమియు గాదెయు సంఘము చేతిలో నుండవలెను, ఎవరికెంత కావలెనో లెక్కవేసి పంచవలెనని రెండవ పద్ధతి వారి మాట. కాగితముపై రెండును సహేతుకములే. అవి కాగితము దాటి వచ్చినప్పుడేమి జరిగినదో చూతము.

తెలుగువారికి ఈ పాఠము దూరదేశములనుండి రానక్కరలేదు. నందన సంవత్సరపు కరువు, అనగా 1832–33 నాటిది, గుంటూరు మండలమున సుమారు 5 లక్షల జనములో లక్షన్నర నుండి రెండు లక్షల మందిని మ్రింగినదని నాటి అంచనా. కృష్ణానది ఆ మండలపు టంచుననే ప్రవహించుచుండెను. తరువాత ఆర్థర్ కాటన్ దొర ధవళేశ్వరము కడ 1847లో ప్రారంభించిన ఆనకట్ట 1852 నాటికిని, బెజవాడ ఆనకట్ట 1855 నాటికిని ముగిసెను. సర్కారు వ్యాపార విషయములలో చేయి పెట్టరాదను సిద్ధాంతము లండనునందు వేదవాక్యముగా చెల్లుచున్న రోజులవి. ఆ రోజులలోనే, ఏ వర్తకుడును చేయని పనిని, సర్కారు సొమ్ముతో సర్కారు ఇంజనీరు చేసెను. శిస్తు పెరుగునను ఆశయే పైవారి నొప్పించినది కావచ్చును. అయినను గోదావరి, కృష్ణా మండలముల సిరికి పునాది అదియే. పెట్టుబడిదారీ విధానపు చరిత్రను స్వేచ్ఛావ్యాపార చరిత్రగా మాత్రమే చెప్పువారు ఈ రెండు ఆనకట్టలను ఎచ్చట నుంతురో మాకు తెలియదు.

ఆ తరువాత వచ్చినది ధాత కరువు. 1876లో వానలు తప్పినవి. చెన్నరాజధానిలో బళ్లారి, కడప, కర్నూలు, నెల్లూరు మొదలైన మండలములును, మైసూరు సంస్థానమును ఎండిపోయినవి. మద్రాసు గవర్నరైన బకింగ్‌హాం ప్రభువు ముందుజాగ్రత్తగా కొంత ధాన్యమును సర్కారు పక్షమున కొనగా, రాజప్రతినిధి లిట్టన్ ప్రభువు ప్రభుత్వము దానిని ఆక్షేపించెను. సర్కారు కొన్నచో వర్తకులు బెదరి తమ ధాన్యమును తేరని వారి వాదము. 1877 జనవరిలో సర్ రిచర్డు టెంపుల్ దొరను ఈ రాజధానికి పంపిరి. ఈయన కథ విచిత్రమైనది. 1873–74లో వంగ, బిహారు ప్రాంతములకు కరువు రాగా ఈయనయే బర్మానుండి విస్తారముగా బియ్యము తెప్పించి చావులను దాదాపుగా నివారించెను. అందుకు మెప్పు రాలేదు సరికదా, దుబారా చేసెనని సీమ పత్రికలు ఎత్తిపొడిచినవి. ఆ ఎత్తిపొడుపును మనసున నుంచుకొని కాబోలు, దక్షిణాదికి వచ్చినప్పుడు ఈయన చేయి మూసుకొనిపోయెను. కరువు పనులలో దినమంతయు మట్టి మోయు పురుషునకు ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల ధాన్యమును, ఒక అణాయు చాలునని నిర్ణయించెను. అది మనుష్యుని నిలబెట్టజాలదని రాజధాని ఆరోగ్యాధికారి కార్నిష్ దొర లెక్కలు వేసి వాదించెను. కొన్ని నెలలకు మద్రాసు ప్రభుత్వము ఆ కూలిని పెంచక తప్పలేదు. ఈ నడుమ ఎందరు పోయిరో! ఈ కరువున దక్షిణ, పశ్చిమ భారతములలో మృతులైనవారు 50 లక్షలకు పైమాటయని సాధారణముగా అంగీకరింపబడుచున్న అంచనా.

చెన్నపట్టణవాసులు దినదినము దాటిపోవు బకింగ్‌హాం కాలువలో అడయారునకును కూవమునకును నడుమనున్న భాగము 1877–78లో కరువు కూలీలు త్రవ్వినదే. దాని దుర్గంధమునకు ముక్కు మూసుకొనువారిలో ఈ సంగతి తెలిసినవారు తక్కువ.

ఆ కరువులో దేశమున ధాన్యము బొత్తిగా లేకపోలేదు. గోధుమలు ఇంగ్లండునకు పోవుట ఆగలేదు. రైలుమార్గములు వేయబడియుండెను, తంతివార్తలు నడచుచుండెను. ధర పెరిగినదను వార్త కరాచీవరకును నిమిషములలో పోవుచుండెను. అయితే ధర అనునది కొనగలవాని నోట మాత్రమే పలుకు భాష. పనులు పోయిన సాలెవాడును, చేనుపని లేని కూలివాడును అంగడికి పోలేరు గనుక వారి ఆకలి ధరలోనికి ఎక్కలేదు. అంగడి లెక్కలో వారు లేరు. ఆకలి ఎంత తీవ్రమైనను చేత కాసు లేనిచో అది గిరాకి కాజాలదు. మొదటి పద్ధతికి మూలముననున్న లోపము ఇదియేయని మా నిశ్చయము. వర్తకులు దుర్మార్గులగుటచేత ఆ లోపము కలుగలేదు. వారందరు ధర్మరాజులే యైనను అది యుండెడిది.

ఇక రెండవ పద్ధతిని చూతము. 1928 నాటికి సోవియెట్ ప్రభుత్వము ధాన్యమునకు తాను నిర్ణయించిన ధరను మిక్కిలి తక్కువగా నుంచెను. రైతులు ఏమి చేయుదురు? అమ్ముట తగ్గించిరి. గంజాములోనైనను, ఉక్రెయినులోనైనను రైతు చేయునది ఇదియే. ఆ జనవరిలో స్టాలిన్ స్వయముగా సైబీరియాకు పోయి, ధాన్యము దాచినవారిపై నేరచట్టమును ప్రయోగింపుడని అధికారులను హెచ్చరించెను. ధర తప్పని ఒప్పుకొని నాలుగు కాసులు పెంచినచో తీరిపోవు తగవునకు పోలీసులను పిలిచిరన్నమాట. 1929 చివరనుండి రైతుల భూములను, పశువులను సమష్టి క్షేత్రములలో కలిపివేసిరి. లక్షల కుటుంబములను ‘కులకు’లను ముద్రవేసి దూరప్రాంతములకు తోలిరి. యంత్రములు కొనుటకు విదేశద్రవ్యము కావలెను గనుక 1931లో సుమారు 50 లక్షల టన్నుల ధాన్యమును ఎగుమతి చేసిరి. 1932లో పంట చెడిపోయినను ఎగుమతి తగ్గినదే గాని ఆగలేదు.

ఆ యేటి ఆగస్టు 7వ తేదీన ఒక శాసనము వెలువడినది. సమష్టి క్షేత్రపు సొత్తు దొంగిలించినవారికి మరణదండన, లేక పది సంవత్సరముల ఖైదు. కోసిన చేనిలో రాలిన వెన్నులు ఏరుకొన్నవారును దీని పాలబడినందున జనులు దానిని వెన్నుల శాసనమనిరి. పరిగె యేరుకొనుట మన పల్లెలలో బీదలకు అనాదిగా వచ్చిన మర్యాద. దానిని మరణార్హమైన నేరముగా జేసిన సామ్యవాదము శ్రమజీవుల పేరనే నడచినదని మరువరాదు. 1933 జనవరి 22వ తేదీ ఆజ్ఞతో ఉక్రెయిను, కూబాను ప్రాంతముల రైతులు తిండి వెదకికొనుచు పొలిమేరలు దాటకుండ నిరోధించిరి. ఉక్రెయినులో 35 లక్షలనుండి 40 లక్షలవరకును, కజకుల దేశమున పది లక్షలకు పైగాను, సమాఖ్య మొత్తముమీద 50 నుండి 70 లక్షల వరకును మరణించిరని పండితుల అంచనాలు. ఆ మార్చిలో గారెత్ జోన్స్ అను వేల్సు దేశపు యువ పత్రికారచయిత పల్లెలవెంట నడచిపోయి, చూచినది లోకమునకు చెప్పెను. న్యూయార్కు టైమ్సు ప్రతినిధియై మాస్కోలో సుఖముగా నున్న వాల్టరు డ్యురాంటీ అది అతిశయోక్తియని వ్రాసెను. లోకము పెద్ద పత్రికనే నమ్మెను. 1937లో జనాభా లెక్కలు తీయగా, ఉండవలసిన జనము లేకపోయినది. ప్రభుత్వము ఆ లెక్కలను రద్దుచేసి, లెక్కవేసినవారిలో కొందరను చెరసాలకును కొందరను చావునకును పంపెను.

అదే 1933వ సంవత్సరమున అమెరికాలో ఏమి జరిగినదో కూడ చెప్పనిచో తక్కెడ ఒరిగిపోవును. అక్కడ శ్రామికులలో నాలుగింట ఒకవంతు నిరుద్యోగులు. రొట్టెకొరకు జనులు నగర వీథులలో బారులుతీరి నిలిచియుండిరి. వ్యవసాయపు ధరలు పడిపోయినవి గనుక వానిని లేపుటకై ప్రభుత్వము సుమారు 60 లక్షల పందులను చంపించినది. కోటి యెకరముల ప్రత్తిచేను దున్నివేయించినది. తినువారు లేక కాదు, కొనువారు లేక. మన డెల్టా రైతులు ఆ మాంద్యము నాటి ధాన్యపు ధరలను తరతరములు చెప్పుకొనిరి: పంట నిండుగానున్నను అప్పు తీరదు, శిస్తు మాత్రము తగ్గదు. 1938లో రాజగోపాలాచారిగారి ప్రభుత్వము చెన్నరాజధానిలో రైతుల ఋణవిమోచన చట్టము తెచ్చుటకు మూలము ఆ దురవస్థయే. ఒకచోట ధాన్యము లేక, ఇంకొకచోట ధాన్యముండి, రెండుచోట్లను ఆకలియే.

చీనా కథ సోవియెట్ కథకు పెద్దయన్న వంటిది. 1958లో గ్రామములను మహాసంఘములుగా కలిపి, ఇండ్లలో పొయ్యిలు మాన్పించి, ఉమ్మడి భోజనశాలలు పెట్టిరి. ఆ యేట ధాన్యము 37 కోట్ల 50 లక్షల టన్నులు పండినదని ప్రకటించిరి. నిజముగా పండినది సుమారు 20 కోట్ల టన్నులు. ఈ వ్యత్యాసము ఒక్కరు చెప్పిన అబద్ధముచే పుట్టలేదు. క్రింది యుద్యోగి పైయుద్యోగికి ప్రియముగా చెప్పెను, అతడు తన పైవానికి ఇంకను ప్రియముగా చెప్పెను; పీకింగు చేరునప్పటికి చేను రెండింతలైనది. సర్కారు పాలు మాత్రము ఆ ప్రకటిత పంటను బట్టి వసూలు చేయబడెను. 1959 వేసవిలో లూషాన్ సమావేశమున సేనాని పెంగ్ దెహ్వాయ్ ఈ సంగతి మావోకు ఉత్తరముగా వ్రాసెను. ఆయన పదవి పోయినది. ఆ తరువాత సత్యము చెప్పుటకు ఎవనికి ప్రాణము మీద తీపి లేదు? ఆ సంవత్సరమున 40 లక్షల టన్నులకు పైగా ధాన్యము ఎగుమతి కూడ జరిగినది. చనిపోయినవారి అంచనాలు కోటిన్నరనుండి నాలుగున్నర కోట్లవరకు కలవు. పలువురు మూడు కోట్లు అందురు. కెనడా, ఆస్ట్రేలియాలనుండి ధాన్యము దిగినది 1961లో.

విరుద్ధములని చెప్పబడు ఈ పద్ధతులు రెండును ఒకచోట కలిసికొనుచున్నవి. మొదటిదానిలో కాసులేనివాని మాట ధరలోనికి రాదు. రెండవదానిలో పైవానికి రుచింపని మాట లెక్కలోనికి రాదు. ఆకలి వార్త చేరవలసినచోటికి చేరకుండుటయే రెండింటను జరిగినది.

ఇంతవరకు చెప్పినదంతయు దోషములను చూపుట. గుణమును చూచుటకు మన దేశముననే తొమ్మిదేండ్ల యెడముతో జరిగిన రెండు సంఘటనలను ప్రక్కప్రక్కన నుంచుచున్నాము. వైద్యమొకటే, రోగులిద్దరు, ఒకడు చచ్చెను, ఒకడు లేచెను.

మొదటిది వంగదేశమున. 1942లో బర్మా జపానువారి వశమై అచటి బియ్యము రాక నిలిచిపోయినది. శత్రువునకు చిక్కరాదని సర్కారు తీరప్రాంతములనుండి బియ్యమును, పడవలను తీసివేసినది. అక్టోబరులో మేదినీపూరు ప్రాంతమున తుపాను. యుద్ధవ్యయమునకు నోట్లు విస్తారముగా అచ్చుపడుచుండెను. డిసెంబరులో కలకత్తాలో మణుగు 13, 14 రూపాయలున్న బియ్యము మార్చికి 21 రూపాయలైనది. అప్పుడు, 1943 మార్చిలో, వంగ ప్రభుత్వము ధరల నియంత్రణమును ఎత్తివేసినది. ధర స్వేచ్ఛగా నున్నచో దాచిన బియ్యము బయటికి వచ్చునని ఆశ. మే నెలకు 30, ఆగస్టునకు 37 రూపాయలైనది. బియ్యము కలకత్తాకు వచ్చినది. యుద్ధపరిశ్రమల పనివారికి చౌకధర దుకాణములు కూడ నుండెను. పల్లెలలోని కూలీలు, బెస్తలు, పడవవాండ్రు రాలిపోయిరి. సుమారు 30 లక్షలమంది. కరువు శాసనము ననుసరించి ‘కరువు’ అని ప్రకటించుటకు ప్రభుత్వము తుదివరకు ఒప్పుకొనలేదు. ఆగస్టు 22వ తేదీన స్టేట్స్‌మన్ పత్రిక కలకత్తా వీథులలోని శవముల ఛాయాచిత్రములను ప్రచురించిన తరువాతనే ఢిల్లీకిని లండనునకును ఆ చావు కనబడెను.

రెండవది మన యుమ్మడి మద్రాసు రాష్ట్రమున. యుద్ధకాలమునుండి ఇక్కడ ధాన్యపు నియంత్రణము సాగుచుండెను. రేషను కార్డులు, జిల్లానుండి జిల్లాకు బియ్యము పోరాదను కట్టడి, నిర్బంధ సేకరణ. రైతు గాదెను శోధించు యుద్యోగికిని, రాత్రివేళ బస్తాలు దాటించు దొంగవర్తకునికిని తప్ప ఈ యేర్పాటు ఎవరికిని మేలు చేయుటలేదని వాడుక. 1952 ఏప్రిలులో రాజగోపాలాచారిగారు ముఖ్యమంత్రి యైరి. శాసనసభలో 375 స్థానములకు కాంగ్రెసువారికి వచ్చినవి 152; ఎదుటి బల్లలపై 62 మంది కమ్యూనిస్టులు. రాయలసీమలో కరువు, గంజి కేంద్రములు నడచుచున్నవి. ఇట్టి సమయమున ఆ వృద్ధుడు జూన్ మాసమున నియంత్రణమును ఎత్తివేసెను! వంగదేశపు స్మృతి మాసిపోని రోజులవి. ఎందరికో గుండెలు జారినవి. కేంద్రమున ఆహారమంత్రి రఫీ అహమ్మదు కిద్వాయ్‌గారు అండగా నిలిచిరి. ఆకాశము విరిగిపడలేదు. దాగిన ధాన్యము అంగళ్లకు వచ్చినది. 1954 నాటికి దేశమంతటను నియంత్రణములు తొలగిపోయినవి.

ఒకే ఔషధము ఒకచోట విషమై, ఇంకొకచోట పథ్యమగుటకు కారణమేమి? దీనిని చూపి స్వేచ్ఛావ్యాపారమే గెలిచినదని రాజాజీ అభిమానులు చెప్పుదురు. 1943ను చూపి అది హంతకియని ప్రత్యర్థులు చెప్పుదురు. రెండును సగము మాటలే. 1952లో సర్కారు చేతిలో నిలువలుండెను. అంతకు ముందటి సంవత్సరమున 40 లక్షల టన్నులకు పైగా ధాన్యము విదేశములనుండి దిగుమతియై యుండెను. చౌకధర దుకాణములను మూయలేదు. ధర మితిమీరినచో సర్కారు బస్తా బయటికి వచ్చునని వర్తకునకు తెలియును. అన్నింటికంటె ముఖ్యముగా, ఏ తాలూకాలో జనులు పస్తున్నను మరునాడు శాసనసభలో లేచి ముఖ్యమంత్రిని నిలదీయుటకు 62 మంది సిద్ధముగా నుండిరి. నియంత్రణము తీసివేసినవారు వీరికి శత్రువులు. కాని ఆ నియంత్రణమును నిర్భయముగా తీసివేయగలుగుటకు వీరును ఒక కారణమని మా యభిప్రాయము. స్వేచ్ఛావ్యాపారము తన కాళ్లపై తాను నిలువలేదు. దానికి ఒక చంక క్రింద సర్కారు గాదెయు, రెండవ చంక క్రింద ప్రతిపక్షపు నోరును ఊతగానున్నవి. వంగదేశమున రెండు ఊతలును లేవు.

మాంచెస్టరు నుండియో, మాస్కోనుండియో తెచ్చిన సిద్ధాంతములలో ఇట్టి మిశ్రమమునకు మంచి పేరు లేదు. సిద్ధాంతకర్తలకు కలగూరగంప నచ్చదు. ఐనను సామ్యవాద దేశములు సైతము ధరను కాదని చిరకాలము నడువలేకపోయినవి. సోవియెట్ దేశమున రొట్టెను మిక్కిలి చౌకగా నుంచిరి. ఫలితమేమన, జనులు దుకాణపు రొట్టెలు కొనిపోయి తమ పందులకు పెట్టసాగిరి. 1956లో దానిని నిషేధించుచు శాసనము చేయవలసి వచ్చెను. 1962 జూన్ 1వ తేదీన మాంసమునకు నూటికి 30, వెన్నకు 25 వంతున ధర పెంచగా నొవొచెర్కాస్కు పట్టణపు పనివారు సమ్మె కట్టిరి. సైనికుల కాల్పులలో ఇరువదిమందికి పైగా కూలిరి. శ్రామికరాజ్యమున శ్రామికులపై కాల్పులు జరిగినవను వార్త పాతికేండ్లవరకు పొక్కలేదు. ఇక రైతులకు ఇంటిప్రక్క సొంతముగా దున్నుకొన నిచ్చిన పెరటిమడులు సాగుభూమిలో నూటికి మూడు పాళ్లు. ఆ దేశపు వ్యవసాయోత్పత్తిలో దాదాపు నాలుగవవంతు వానినుండియే వచ్చుచుండెను. విశాలమైన నల్లరేగడి భూములు గల ఆ దేశము 1963లో కెనడానుండియు, 1972లో అమెరికానుండియు ధాన్యము కొన్నది.

చీనాలో ఆన్‌హ్వే రాష్ట్రపు షియావ్‌గాంగ్ గ్రామమున 1978లో పదునెనిమిది మంది రైతులు రహస్యముగా కూడి, ఉమ్మడి భూమిని ఇండ్లవారీగా పంచుకొని, ఒప్పందముపై వ్రేలిముద్రలు వేసిరి. తమను చెరసాలలో పెట్టినచో తమ బిడ్డలను మిగిలినవారు పెంచవలెనని ఆ ఒప్పందములో నొక షరతు. భూమి పంచుకొని దున్నుకొనుటకు ఇంత సాహసము కావలసి వచ్చినది! కొత్త ప్రభుత్వము వారిని శిక్షింపక వారి మార్గమునే దేశమునకు మార్గముగా జేసినది. 1978లో 30 కోట్ల టన్నులకు కొంచెము మించిన ధాన్యము 1984 నాటికి 40 కోట్ల టన్నులు దాటినది. భూమి యాజమాన్యము ఇప్పటికిని సమష్టిదే. ఎవరిది యాజమాన్యమను ప్రశ్నకంటె, పండించినవానికి తన చేనిని గూర్చి ఒక మాట చెప్పుకొను హక్కు కలదా యను ప్రశ్నయే పెద్దదని ఈ వ్రేలిముద్రలు చెప్పుచున్నవి.

మన దేశము రెండు పడవలపై కాళ్లు పెట్టినది. 1955లో చెన్నపట్టణపు ప్రక్కనున్న ఆవడిలో కాంగ్రెసు మహాసభ సామ్యవాద తరహా సమాజమును లక్ష్యముగా ప్రకటించెను. 1959లో నాగపూరు సభ సహకార వ్యవసాయమును తీర్మానింపగా, అది చీనా దారియని భయపడి నిడుబ్రోలు ఆచార్య రంగాగారు కాంగ్రెసును వీడిరి. ఆ సంవత్సరముననే చెన్నపట్టణమున రాజాజీతో కలిసి స్వతంత్ర పక్షమును స్థాపించి దానికి అధ్యక్షులైరి. తీర్మానము కాగితముననే మిగిలినది. చీనాలో చేలు తలక్రిందులగుచున్న ఆ నాళ్లలో ఇక్కడ ఒక తీర్మానమును కాదని లేచిపోయినవాడు పక్షము పెట్టుకొనగలిగెను. పెంగ్ సేనాని వలె కనుమరుగు కాలేదు. 1965లో ఆహార సంస్థను నెలకొల్పి, రైతునకు కనీసపు మద్దతుధరయు, బీదలకు చౌకధర బియ్యమును అను ఏర్పాటును స్థిరపరచిరి. ఆ సంస్థ మొదటి ప్రధాన కార్యాలయము చెన్నపట్టణముననే. మొదటి జిల్లా కార్యాలయము తంజావూరున. 1983లో నందమూరి తారక రామారావుగారు కిలో రెండు రూపాయల బియ్యమును ఆంధ్రప్రదేశ్‌లో సాగించినప్పుడు అర్థశాస్త్రజ్ఞులు పెదవి విరచిరి, ఓటరులు విరువలేదు.

స్వతంత్ర భారతమున వంగకరువు వంటిది మరల రాలేదు. ఎన్నికలును పత్రికలును గల దేశమున మహాకరువు రాజాలదని అమర్త్య సేన్ మహాశయుడు ప్రతిపాదించెను. ఇది విని మనము ఛాతి విరుచుకొనుటకు ముందే ఆయనయే జాన్ డ్రేజ్‌తో కలిసి 1989లో చెప్పిన రెండవ మాటను వినవలెను: మహాకరువు లేకున్నను, చీనాతో పోల్చినచో భారతమున ఏటేట సాధారణముగా జరుగు అధిక మరణములు కొన్ని సంవత్సరములలోనే ఆ దేశపు మహాకరువు మృతుల సంఖ్యను మించుచుండెను. శవములు వీథిలో పడినచో పత్రికకు వార్త. పసిబిడ్డ చిక్కి చిక్కి మూడవయేట జ్వరమునకు పోయినచో అది వార్త కాదు. కాసులేనివాని మాట ధరకు వినబడనట్లే, నెమ్మదిగా చచ్చువాని మాట మా బోటి పత్రికలకును వినబడుటలేదు. పల్లె వైద్యశాలలు, పాఠశాలలు, మంత్రసానుల శిక్షణ మొదలగు వానిలో చీనా సామ్యవాదము ఆ కాలమున చేసినపని మనకంటె మిన్నయని ఒప్పుకొనుటకు మాకు సంకోచము లేదు.

2011 సార్వా పంటకు, కాటన్ దొర ఆనకట్ట క్రింద, కోనసీమ రైతులు నాట్లు వేయుట మానివేసిరి. దానికి వారు పెట్టిన పేరు పంట విరామము. సాధారణ రకపు ధాన్యమునకు ఆ యేటి మద్దతుధర క్వింటాలునకు 1,080 రూపాయలు. కూలియు, ఎరువును, మురుగు కాలువల ముంపును లెక్కించినచో గిట్టదని వారి మాట. 2008నుండి బియ్యపు ఎగుమతిపై నిషేధముండుటచే గిడ్డంగులు నిండియుండెను. ధర తప్పిన ప్రభుత్వమునకు ధాన్యము నిరాకరించుట 1928లో సైబీరియా రైతులు చేసినదే. ఇచ్చట స్టాలిన్ రాలేదు. మోహన్ కందాగారి అధ్యక్షతన ఒక సంఘము వచ్చినది, రైతుల మాట వ్రాసికొన్నది. ఆ సెప్టెంబరులో ఎగుమతి నిషేధమును తొలగించిరి. ఈ భేదము అల్పమైనది కాదు.

అయితే ఆ సంఘము ముందు మాట చెప్పుకొనుటకు, విరామము ప్రకటించుటకు, భూమి తన పేర నుండవలెను. డెల్టాలో సాగు విశేషభాగము కౌలుదారులది. పంట విరామమున భూస్వామికి కౌలు పోవును. కౌలుదారునకు ఆ యేటి బ్రతుకు పోవును. నాట్లు వేయు కూలియాడుదానికి ఆ నెల తిండి పోవును. కొనుగోలు కేంద్రమునకు ధాన్యము తెచ్చినవానిని మొదట అడుగునది పట్టా పుస్తకము. అది భూస్వామి బీరువాలో నుండును. కౌలుదారునకు గుర్తింపు నిచ్చుటకై 2011లో ఒక చట్టమును, 2019లో ఇంకొక చట్టమును ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసినది. 2019 నాటి చట్టము ప్రకారము కార్డు కావలెనన్న భూస్వామి సంతకము కావలెను. సంతకము చేసినచో భూమికే ముప్పు వచ్చునని భూస్వామి జంకును.